శని చందమామను చదివిన దర్జీ కొడుకు



సత్యోపదేశ తరగతులకు వచ్చే ఇంటర్మీడియట్ పిల్లలు అడిగే ప్రశ్నలలో ఒకటి ఎప్పుడూ మారదు. కంటికి కనిపించని దేవుణ్ణి ఎలా నమ్మాలి అన్నదే ఆ ప్రశ్న. దానికి పెద్దలు చప్పున చెప్పే జవాబు కూడ మారదు. గాలి కనిపిస్తున్నదా, కరెంటు కనిపిస్తున్నదా, దేవుడూ అంతే అంటారు. ఆ మాట విని పిల్లవాడు ఊరుకుంటాడే గాని తృప్తిపడడు. గాలిని సైకిలు ట్యూబులోకి ఎక్కించి కొలవవచ్చునని, కరెంటుకు గోడమీద మీటరు ఉన్నదని వానికి తెలుసు. మరి దేవునికి మీటరేదీ అని మనసులోనే అనుకొని, కొన్నాళ్ళకు గుడికి రావడం తగ్గించుకొంటాడు.

అందుచేత ఈ వారం, కంటికి కనిపించని వెలుగులో చూడటమే జీవితకాలపు పనిగా పెట్టుకొన్న ఒక శాస్త్రవేత్తను గురించి చెబుతాను. ఆయన పునీతుడు కాడు, గురువు కాడు. ఆయనను మన విశ్వాసానికి సాక్షిగా నిలబెట్టాలని నా ఉద్దేశం కూడ కాదు. అయితే కనిపించనిదానిని గురించి నిజాయితీగా ఎలా మాట్లాడాలో ఆయన జీవితం నేర్పుతుంది. ఆ పాఠం నమ్మేవారికీ అవసరమే, నమ్మనివారికీ అవసరమే. ఆయన పేరు గెరార్డ్ కైపర్.

దర్జీ ఇంటి పెద్దకొడుకు

కైపర్ 1905వ సంవత్సరం డిసెంబరు 7వ తేదీన ఉత్తర హాలెండులోని ఒక చిన్న పల్లెటూరిలో జన్మించాడు. తండ్రి దర్జీ. నలుగురు పిల్లలలో ఇతడే పెద్దవాడు. చిన్నతనం నుంచే ఇతని చూపు అసాధారణమైనది. మామూలు మనిషి ఏ సాధనం లేకుండ చూడగలిగే నక్షత్రాలకంటె నాలుగో వంతు వెలుగు మాత్రమే ఉన్న నక్షత్రాలను కూడ ఇతడు వట్టి కంటితో గుర్తుపట్టేవాడు. మనుమడి ఆసక్తి చూసి తాత, తండ్రి కలిసి ఒక చిన్న దూరదర్శిని కొనిపెట్టారు. దర్జీ సంపాదన మీద బతికే ఇంటికి అది చిన్న ఖర్చు కాదు.

పేదింటి తెలివైన పిల్లవానికి ఆ రోజులలో తెరచి ఉన్న దారి బడిపంతులు ఉద్యోగం. కైపర్‌ను కూడ ఆ చదువులోనే చేర్చారు. ఆ చదువు నుంచి విశ్వవిద్యాలయానికి నేరుగా ప్రవేశం లేదు. అందుకొరకు పెట్టే కఠినమైన ప్రత్యేక పరీక్ష రాసి, నెగ్గి, 1924లో ప్రసిద్ధమైన లైడెన్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు. 1933లో జంట నక్షత్రాలపై పరిశోధనకు డాక్టరేటు పొంది, అదే సంవత్సరం అమెరికాలోని కాలిఫోర్నియాకు వెళ్ళాడు. 1936లో వివాహం చేసుకొని, షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్క్స్ వేధశాలలో చేరాడు. మరుసటి సంవత్సరం అమెరికా పౌరసత్వం స్వీకరించాడు.

వెలుగులోని ఖాళీలు

కైపర్ చేసిన పని అర్థం కావాలంటే కొంచెం వెనుకకు పోవాలి. 1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంత్, నక్షత్రాలు ఏ పదార్థంతో తయారైనవో మానవుడు ఎన్నటికీ తెలుసుకోలేడని తీర్మానించాడు. అక్కడికి పోలేము, చేతితో ముట్టలేము గనుక అది మనకు మూసిన తలుపే అన్నది ఆయన తర్కం. దేవుని గురించిన విచారాన్ని కూడ ఆ తత్వవేత్త ఇదే ధోరణిలో గడచిపోయిన కాలపు సంగతిగా పక్కన పెట్టాడు. ఆయన 1857లో మరణించాడు. రెండేళ్ళు తిరగకుండానే, 1859లో, జర్మనీలో కిర్ఖాఫ్, బున్సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ మూసిన తలుపును తెరిచారు.

వారి పద్ధతి ఇది. సూర్యకాంతిని పట్టకం గుండ పంపితే ఇంద్రధనుస్సు వలె రంగులుగా విడిపోతుందని మనకు తెలుసు. ఆ రంగుల పట్టీనే వర్ణపటం అంటారు. దానిని జాగ్రత్తగా పరిశీలిస్తే మధ్య మధ్య నల్లని గీతలు కనిపిస్తాయి. దారిలో ఉన్న వాయువులు తమకు సరిపడిన రంగులను మింగివేయగా మిగిలిన ఖాళీలు అవి. ఏ వాయువు ఏ రంగును మింగుతుందో అది ఎక్కడైనా మారదు. ఆదివారం పూజలో ఒక కుటుంబం ఎప్పుడూ కూర్చునే చోటు ఖాళీగా ఉంటే, ఎవరు రాలేదో ఎవరూ చెప్పకుండానే విచారణ గురువుకు తెలుస్తుంది. అలాగే వెలుగులోని ఖాళీలను చూసి, దారిలో ఉన్న వాయువు పేరు చెప్పవచ్చును. రోము నగరంలో యేసుసభ గురువు ఆంజెలో సెక్కీ ఈ పద్ధతితోనే 1860ల నుంచి వేలాది నక్షత్రాలను పరిశీలించి, వాటిని తరగతులుగా విభజించారు. ఈ శాస్త్రానికి పునాదిరాళ్ళు వేసినవారిలో ఒక కతోలిక గురువు ఉన్నారన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

ఇక రెండవ సంగతి. 1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ వర్ణపటంలోని రంగు రంగు దగ్గరా థర్మామీటరు పెట్టి వేడిని కొలిచాడు. ఎరుపు దాటిన తరువాత, రంగు ఏమీ లేనిచోట కూడ పాదరసం పైకి లేచింది. అక్కడ కంటికి కనిపించని వెలుగు ఉన్నది. వీటినే ఇప్పుడు పరారుణ కిరణాలు అంటున్నాము. బొగ్గులు పోసిన ఇస్త్రీపెట్టె అడుగుభాగం ఎర్రగా మెరవదు. అయినా చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది. ఆ సెగలో ఎక్కువ భాగం పరారుణ కిరణాల రూపంలోనే మన చేతికి చేరుతుంది. చాలా వాయువులు తమ గుర్తులను కంటికి కనిపించే రంగులలో కంటె ఈ కనిపించని భాగంలోనే స్పష్టంగా వదులుతాయి.

టైటన్ మీద గాలి

శనిగ్రహం చుట్టూ తిరిగే చంద్రులలో అన్నిటికంటె పెద్దది టైటన్. దీనిని 1655లో క్రిస్టియాన్ హైగెన్స్ కనుగొన్నాడు. ఆయన కూడ హాలెండువాడే. టైటన్ వ్యాసం సుమారు 5,150 కిలోమీటర్లు. అంటే బుధగ్రహం కంటె పెద్దది. అయినా సూర్యునికి సుమారు 140 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉండటం వలన, మంచి దూరదర్శినిలో కూడ చిన్న చుక్కగానే కనిపిస్తుంది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో స్పెయిన్ దేశపు ఖగోళ శాస్త్రవేత్త కొమాస్ సోలా, ఆ చుక్క అంచులు మసకగా ఉన్నవనీ, దాని చుట్టూ గాలి ఉండవచ్చుననీ తెలిపాడు. అది ఊహే గాని రుజువు కాదు. సుమారు 36 సంవత్సరాలపాటు అది ఊహగానే ఉండిపోయింది.

1943-44 చలికాలంలో కైపర్ యుద్ధసంబంధమైన పరిశోధనల నుంచి కొద్దికాలం సెలవు తీసుకొని, టెక్సాస్ కొండలమీద ఉన్న మెక్‌డొనాల్డ్ వేధశాలకు వెళ్ళాడు. అక్కడి దూరదర్శిని అద్దం వెడల్పు 82 అంగుళాలు. నిర్మించిన నాటికి అది ప్రపంచంలో రెండవ పెద్దది. దానితో ఆయన సౌరకుటుంబంలోని పెద్ద ఉపగ్రహాల వెలుగును ఒక్కొక్కటిగా వర్ణపటాలుగా ఫోటో తీశాడు. ఎరుపు రంగులోను, ఎరుపు ముగిసి పరారుణం మొదలయ్యే అంచులోను ఆయన దృష్టి నిలిపాడు. బృహస్పతి నాలుగు పెద్ద చంద్రుల వర్ణపటాలలో విశేషమేమీ లేదు. టైటన్ వర్ణపటంలో మాత్రం రెండు వెడల్పాటి నల్లని పట్టీలు కనిపించాయి. అవి మీథేన్ వాయువు గుర్తులు. బృహస్పతి, శనిగ్రహాల గాలిలో ఉన్నదని 1932లోనే నిర్ధారణ అయిన వాయువు అది. మన పల్లెలలో గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేది ముఖ్యంగా ఈ మీథేనే.

ఇక్కడ కైపర్ తర్కాన్ని గమనించండి. ఉపగ్రహాలన్నిటి మీద పడేది ఒకే సూర్యుని కాంతి. అక్కడినుంచి ఆ కాంతి మన దూరదర్శినికి చేరేది ఒకే భూమి గాలిలోగుండ. సూర్యుడు గాని భూమి గాని కారణమైతే ఆ పట్టీలు అన్ని ఉపగ్రహాలలోను కనిపించాలి. ఒక్క టైటన్‌లోనే కనిపించాయి గనుక, ఆ వాయువు టైటన్ చుట్టూ ఉన్నదే. ఒక చంద్రునికి గాలి ఉన్నదని మానవుడు రుజువుతో తెలుసుకోవడం అదే మొదటిసారి. 1944లో కైపర్ ఆ సంగతిని ప్రకటించాడు. ప్రపంచమంతా యుద్ధం వార్తలలో మునిగి ఉన్న సంవత్సరమది.

శిథిలాల మధ్య ఒక వృద్ధుడు

ఆ యుద్ధంలో కైపర్‌కు మరొక పని కూడ అప్పగించారు. జర్మనీ శాస్త్రవేత్తలు ఎంతవరకు వచ్చారో తెలుసుకొనుటకు అమెరికా సైన్యంతోపాటు ఐరోపా వెళ్ళిన బృందంలో ఆయన ఒకడు. 1945లో జర్మనీ కూలిపోతున్న రోజులలో, మాక్స్ ప్లాంక్ అనే మహాశాస్త్రవేత్త ఎల్బే నది దగ్గర ఒక పల్లెలో చిక్కుకొని ఉన్నాడని ఆయనకు తెలిసింది. ప్లాంక్‌కు అప్పుడు 87 సంవత్సరాలు. బెర్లినులోని ఇల్లు బాంబులకు కాలిపోయింది. హిట్లర్‌పై జరిగిన కుట్రతో సంబంధం ఉన్నదన్న నేరంపై కుమారుడు ఎర్విన్‌ను ఆ సంవత్సరం జనవరిలోనే ఉరితీశారు. సైన్యాలు రెండువైపులనుంచి దగ్గరపడుతుండగా ఆ వృద్ధుడు భార్యతో దిక్కులేక ఉన్నాడు. కైపర్ వాహనం తీసుకొని వెళ్ళి, ఆ దంపతులను సురక్షితంగా గాటింగెన్ పట్టణానికి చేర్పించాడు.

ప్లాంక్ 1900లో ప్రకటించిన సూత్రంనుంచే నేటి క్వాంటం భౌతికశాస్త్రం పుట్టింది. ఆ సూత్రానికి ఆధారమైనవి, వేడెక్కిన వస్తువులు వెదజల్లే పరారుణ కిరణాలను బెర్లినులో కొలిచిన కొలతలు. అంటే తాను జీవితమంతా ఉపయోగించిన జ్ఞానానికి మూలపురుషులలో ఒకనిని, ఆపదలో ఉన్నప్పుడు, కైపర్ వెదకి రక్షించాడు. గురువు ఋణం ఇలా తీర్చుకొనే అవకాశం ఎందరికి దొరుకుతుంది?

యుద్ధం విడిచిన కన్ను

యుద్ధం ముగిశాక ఖగోళశాస్త్రానికి ఒక మేలు కలిగింది. శత్రువుల యంత్రాల వేడిని దూరంనుంచి పసిగట్టుటకు సీసపు సల్ఫైడుతో చేసిన చిన్న గ్రాహకాలను ఆ కాలంలో అభివృద్ధి చేశారు. ఫోటో పలకలు పరారుణ భాగంలో కొద్దిదూరం మాత్రమే పనిచేస్తాయి. ఈ కొత్త గ్రాహకాలు చాలా దూరం చూడగలవు. వీటిని తయారుచేసిన రాబర్ట్ కాష్‌మన్ సహాయంతో కైపర్ ఒక పరారుణ వర్ణపటమాపకం కట్టించి, దూరదర్శినికి బిగించాడు. యెషయా ప్రవక్త కలగన్నట్లు, యుద్ధ సాధనం పొలం పనికి వచ్చింది.

1947లో అంగారక గ్రహం గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉన్నదని కైపర్ ఆ సాధనంతో కనుగొన్నాడు. తరువాత గాలి లేని వస్తువుల వైపు తిరిగాడు. గాలి వర్ణపటంలో చిన్న చిన్న గీతలు గీస్తుంది. రాయి, మంచు వంటి గట్టి పదార్థాలు వెడల్పైన మచ్చలు వేస్తాయి. అందుచేత ఒక చంద్రుని నేల దేనితో తయారైనదో కూడ పరారుణ కాంతిలో చదవవచ్చును. ప్రయోగశాలలో మామూలు మంచు నుంచి వచ్చిన కాంతితో శని వలయాల కాంతిని కైపర్ పోల్చి చూశాడు. రెండూ ఒకే తీరుగా ఉన్నవి. ఆ వలయాలు నీటి మంచుతో కప్పబడి ఉన్నవని చెప్పాడు. బృహస్పతి చంద్రులైన యూరోపా, గానిమీడ్‌ల మీద కూడ నీటి మంచు ఆనవాళ్ళు చూశాడు. 1970ల మొదటి సంవత్సరాలలో ఇతర శాస్త్రవేత్తలు మెరుగైన సాధనాలతో ఈ మాటలు నిజమని స్థిరపరచారు. ఈ మధ్యలోనే, 1948లో యురేనస్ చంద్రుడు మిరాండాను, 1949లో నెప్ట్యూన్ చంద్రుడు నెరీడ్‌ను కూడ ఆయన కనుగొన్నాడు.

అయినా ఆ రోజులలో తోటి ఖగోళ శాస్త్రవేత్తలలో చాలామందికి గ్రహాలు, ఉపగ్రహాలు చిన్న విషయాలు. నక్షత్రాలు, నక్షత్ర మండలాలే గొప్పవారు చేసే పని అని వారి భావన. కైపర్ స్వభావం కూడ సాధువైనది కాదు. పట్టుదల ఎక్కువ, పనిలో కనికరం తక్కువ. చంద్రుని పుట్టుక గురించి హారల్డ్ యూరీ అనే నోబెల్ బహుమతి గ్రహీతతో ఆయనకు ఏళ్ళ తరబడి వైరం నడిచింది. చివరికి 1960లో షికాగో విడిచి, ఆరిజోనా ఎడారిలోని టూసాన్ పట్టణానికి వెళ్ళి, చంద్ర గ్రహ పరిశోధనాలయాన్ని స్థాపించాడు. అప్పటికి ఆయనకు 54 సంవత్సరాలు. చాలామంది విశ్రాంతి గురించి ఆలోచించే వయసులో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

గెలుపులు, ఓటములు

మానవుడు చంద్రునిపై దిగకముందు ఒక భయం ఉండేది. చంద్రుని నేలమీద లోతైన ధూళి ఉన్నదనీ, దిగిన నౌక అందులో కూరుకుపోవచ్చుననీ కొందరు శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1964 జులై 31న రేంజర్-7 నౌక చంద్రుని ఢీకొనే ముందు 4,300కు పైగా ఫోటోలు పంపింది. ఆ పరిశోధనకు నాయకుడు కైపర్. నేల బరువు మోయగలదని, గరగరలాడే మంచుమీద నడిచినట్లుంటుందని ఆయన అభిప్రాయపడ్డాడు. 1969లో చంద్రునిపై అడుగుపెట్టినవారు కూరుకుపోలేదు.

అన్నిటా ఇలా జరగలేదు. పరారుణ కాంతికి మన భూమి గాలిలోని నీటి ఆవిరి పెద్ద అడ్డు. అందుచేత ఎత్తైన, పొడి ప్రదేశం కొరకు వెదకి, హవాయి దీవులలో 4,200 మీటర్లకు పైగా ఎత్తున్న మౌనా కియా శిఖరాన్ని ఆయన ఎంపిక చేశాడు. 1964లో అక్కడికి దారి వేయించి, పరీక్షలు చేయించి, ప్రపంచంలో అంతకంటె మంచి చోటు లేదని నిరూపించాడు. కాని అక్కడ పెద్ద దూరదర్శిని కట్టే పనిని నాసా సంస్థ హవాయి విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. ఆ గాయం ఆయనను చాలాకాలం బాధించింది. అయినా ఆగలేదు. కొండ దక్కకపోతే విమానం ఎక్కాడు. 1967 నుంచి జెట్ విమానంలో దూరదర్శిని పెట్టుకొని, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తునుంచి గ్రహాల పరారుణ కాంతిని పరిశీలించాడు. శుక్రగ్రహం మేఘాల పైన నీటి ఆవిరి దాదాపు లేదని అలా తెలుసుకొన్నాడు.

1973వ సంవత్సరం డిసెంబరు 24వ తేదీన, లోకమంతా క్రిస్మస్ జాగరణకు సిద్ధపడుతున్న వేళ, భార్యతో మెక్సికో నగరానికి వెళ్ళి ఉన్న కైపర్ గుండెపోటుతో మరణించాడు. ఆయనకు 68 సంవత్సరాలు.

రెండేళ్ళ తరువాత నాసా ఒక పెద్ద విమానంలో 36 అంగుళాల దూరదర్శిని అమర్చి, దానికి కైపర్ పేరు పెట్టింది. 1995 వరకు అది పనిచేసింది. 1977లో యురేనస్ చుట్టూ వలయాలు ఉన్నవని కనుగొన్నది ఆ విమానం నుంచే.

ఇంతకంటె వింతైన సంగతి మరొకటి ఉన్నది. నెప్ట్యూన్ అవతల మంచు ముద్దల వలయం ఒకటి సౌరకుటుంబం పుట్టినప్పుడు ఉండేదని 1951లో కైపర్ రాశాడు. అయితే అది చెదరిపోయిందనీ, ఇప్పుడు ఉండదనీ భావించాడు. 1992లో ఆ ప్రాంతంలో ప్లూటో వర్గానికి బయట మొదటి మంచు ముద్ద దొరికింది. తరువాత అటువంటివి వేలకొద్ది దొరికాయి. ఆ ప్రాంతాన్ని నేడు లోకమంతా కైపర్ వలయం అంటున్నది. ఉండదని ఆయన అనుకొన్నదానికే ఆయన పేరు నిలిచింది. పైగా ఆ మొదటి ముద్ద కనిపించింది ఆయన చేజారిన మౌనా కియా శిఖరంమీదనుంచే. మన లెక్కలు వేరు, దైవసంకల్పపు లెక్కలు వేరు.

సాధనం మౌనం

మళ్ళీ టైటన్‌కు వద్దాం. 1980 నవంబరులో వాయేజర్-1 నౌక టైటన్ పక్కనుంచి వెళ్ళింది. అప్పుడు తెలిసిన సంగతి శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరచింది. టైటన్ గాలిలో మీథేన్ కొద్దిభాగమే. సుమారు 95 శాతం నత్రజని. మన భూమి గాలిలో కూడ ఎక్కువ భాగం అదే కదా. అక్కడి గాలి ఒత్తిడి మన గాలి ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు. మరి కైపర్‌కు ఇంత నత్రజని ఎందుకు కనిపించలేదు? ఆయన అజాగ్రత్త వలన కాదు. నత్రజని తన గుర్తును ఆ కాంతిలో వదలదు. మీథేన్ కొద్దిగా ఉన్నా గట్టిగా పలుకుతుంది. నత్రజని నిండుగా ఉన్నా నోరు విప్పదు. వాయేజర్ అతినీలలోహిత కాంతిలో చూసినప్పుడు, టైటన్ గాలిని దాటి వచ్చిన తన రేడియో సంకేతాలను పరిశీలించినప్పుడు మాత్రమే ఆ నత్రజని బయటపడింది.

టైటన్ నేల మాత్రం వాయేజర్‌కు కూడ కనిపించలేదు. నారింజ రంగు పొగమంచు దానిని పూర్తిగా కప్పివేసింది. ఆ ముసుగును తీసింది మళ్ళీ పరారుణ కాంతే. మీథేన్ కొన్ని పరారుణ కిరణాలను మింగుతుంది, కొన్నిటిని వదలిపెడుతుంది. వదలిన ఆ సన్నని కిటికీల గుండ చూస్తే నేల కనిపిస్తుంది. 2004లో శనిని చేరిన కస్సీనీ నౌకలోని పరారుణ వర్ణపట కెమెరా సరిగ్గా ఇలాగే చూసింది. 2005 జనవరి 14న దాని వెంట వెళ్ళిన హైగెన్స్ నౌక టైటన్ నేలపై దిగింది. సున్నాకు దిగువన 179 డిగ్రీల చలిలో అక్కడ మీథేన్ వర్షంగా కురుస్తుంది, వాగులుగా పారుతుంది, సరస్సులలో నిలుస్తుంది. 2008లో దక్షిణ ధృవం దగ్గర ఒక సరస్సులో ఈథేన్ ద్రవం ఉన్నదని ఆ పరారుణ కెమెరా గుర్తించింది. 2009లో ఉత్తర ధృవంవైపు ఒక సరస్సుమీద సూర్యకాంతి తళుక్కుమనడాన్ని చిత్రించింది. ఆ కెమెరా పరిశోధకులకు నాయకత్వం వహించింది, టూసాన్‌లో కైపర్ స్థాపించిన పరిశోధనాలయమే. విత్తినవాడు ఒకడు, కోసినవారు మరికొందరు.

ఒకే కాంతి, ఇద్దరు శిష్యులు

కైపర్ దగ్గర పనిచేసినవారిలో ఇద్దరిని గురించి చెప్పి ముగిస్తాను. ఒకరు కార్ల్ సేగన్. 1960లో కైపర్ పర్యవేక్షణలోనే డాక్టరేటు పొందాడు. తరువాత టెలివిజను ద్వారా, పుస్తకాల ద్వారా ప్రపంచమంతటికీ ఖగోళశాస్త్రం నేర్పాడు. దేవుని విషయంలో ఉన్నాడనీ లేడనీ చెప్పలేమన్న వైఖరితోనే 1996లో మరణించాడు. రెండవవారు యేసుసభ గురువు జార్జ్ కోయిన్. వీరు 1966లో కైపర్ స్థాపించిన పరిశోధనాలయానికి వచ్చి పనిచేశారు. 1978లో వాటికన్ వేధశాలకు డైరెక్టరు అయ్యారు. 1981లో ఆ వేధశాలకు టూసాన్‌లోనే రెండవ పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పారు. 2020లో దివంగతులయ్యే వరకు శాస్త్రాన్ని, యాజకత్వాన్ని కలిపి జీవించారు. 2015లో వాటికన్ వేధశాల డైరెక్టరుగా నియమితులైన బ్రదర్ గై కన్సొల్మాగ్నో కూడ టూసాన్‌లోని ఆ విభాగంలోనే 1978లో డాక్టరేటు పొందినవారు.

సేగన్ వర్ణపటం చదివినా, కోయిన్ గురువులు చదివినా మీథేన్ గీత ఒక్కచోటే ఉంటుంది. విశ్వాసం ఉన్నవానికి అది జరగదు, లేనివానికి అది దాగదు. మరి విశ్వాసం ఎక్కడ ఉన్నది?

మొదట చెప్పిన ప్రశ్నకు ఇక్కడే జవాబు వెదకాలి. పరారుణ కిరణాలు కనిపించవు, దేవుడూ కనిపించడు, కాబట్టి రెండూ ఒకటే అని పిల్లలకు చెప్పకండి. అది తప్పు తర్కం. పరారుణ కాంతి సృష్టిలో ఒక భాగం. తగిన సాధనం ఉంటే దానిని కొలవవచ్చును. దేవుడు సృష్టిలో ఒక వస్తువు కాడు, ఏదో ఒకరోజు ఎవరో ఒక వర్ణపటంలో పట్టుకొనే గీత కాడు. అలా పట్టుబడేవాడైతే ఆయన దేవుడే కాడు. శ్రీసభ విశ్వాస సంగ్రహంలో మనం ఒప్పుకొనేది, కనిపించేవాటితోపాటు కనిపించనివాటిని కూడ సృష్టించిన దేవుణ్ణి. కనిపించని మీథేనూ, కనిపించని నత్రజనీ సృష్టి వైపు ఉన్నవే.

అయితే కైపర్ జీవితం మనకు మూడు సంగతులు చెబుతున్నది. మొదటిది, ఒక సాధనం మౌనంగా ఉన్నదంటే వస్తువు లేదని అర్థం కాదు. టైటన్ చుట్టూ నిండుగా ఉన్న నత్రజని కైపర్ సాధనానికి కనిపించలేదు. మీటరు లేదు గనుక దేవుడు లేడనే పిల్లవాడు ఈ మాట ఆలోచించాలి. రెండవది, నాకు నచ్చినది గనుక ఉన్నదని చెప్పడం కూడ తప్పే. రుజువు దొరికేవరకు కొమాస్ సోలా ఊహ ఊహగానే ఉన్నది. అద్భుతం అన్న మాట వినగానే పరుగెత్తే మన విశ్వాసులు ఈ మాట ఆలోచించాలి. ఒక అద్భుతాన్ని అంగీకరించే ముందు శ్రీసభ ఏళ్ళ తరబడి ఎందుకు విచారణ చేస్తుందో కూడ ఇందులోనే ఉన్నది. మూడవది అన్నిటికంటె లోతైనది. గోబర్ గ్యాస్ పొయ్యిలోని మీథేన్, 140 కోట్ల కిలోమీటర్ల అవతల టైటన్ మీద ఉన్న మీథేన్, ఒకే నియమానికి లోబడి ఒకే రంగులను మింగుతున్నవి. ఇంత దూరాన కూడ నియమం మారలేదు. అంతేగాక, దర్జీ కొడుకు మనసుకు ఆ నియమం అర్థమయింది. లోకం ఎందుకు ఇంత క్రమంగా ఉన్నది, ఆ క్రమం మానవుని బుద్ధికి ఎందుకు అందుతున్నది అన్న ప్రశ్నకు వర్ణపటంలో గీత ఉండదు. ప్రతి వర్ణపటం వెనుకా ఆ ప్రశ్న ఉంటుంది. పునీత తోమాసు అక్వీనాసువారు మొదలుకొని మన వేదాంతులు దేవుని వెదకినది ఆ చోటనే.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ సైన్సు చదువుతున్నాడని, ప్రశ్నలు వేస్తున్నాడని భయపడకండి. చప్పున నోరు మూయించే జవాబు ఇవ్వకండి. తెలియకపోతే తెలియదని చెప్పి, కలిసి వెదకండి. ఒక దర్జీ, తన తండ్రితో కలిసి, బిడ్డ చేతిలో చిన్న దూరదర్శిని పెట్టాడు. ఆ బిడ్డ అడిగిన ప్రశ్నకు ఆ ఇంట్లో ఎవరికీ జవాబు తెలిసి ఉండదు. అయినా అడ్డుపడలేదు. సత్యాన్ని నిజాయితీగా వెదికే బిడ్డ, సత్యస్వరూపుడైన ప్రభువుకు దూరంగా పోతున్నాడని మనమెందుకు అనుకోవాలి?